మీరు చెప్పినవన్నీ నా దగ్గరే ఉంటాయి

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలయింది. తెల్లవారుజామున అయిదున్నరకు పట్టిన ముసురు తొమ్మిదో గంటలో పడింది. గాలి లేదు, ఉరుము లేదు, చూరు నుంచి జారే నీళ్లకు తొందర కూడా లేదు. వయోజన పాఠశాల వరండా చివర కుళాయి దగ్గర సలహాదారు ఆరు టీ కప్పులు కడుగుతోంది. వాటిలో ఆమెది ఒక్కటే. నాలుగు ఉపాధ్యాయులవి, ఒకటి ప్రధానోపాధ్యాయుడిది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఊడ్చే మనిషి రాకపోతే, ఒక్క పూటకే కదా అని కడిగింది. ఆ ఒక్క పూట ఆరేళ్లు సాగింది. "మీరు కడిగితే కప్పుకు నీచు వాసన రాదు మేడమ్" అని సైన్సు చెప్పే ఆయన ఆనాడు మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలే ఆమె మెడకు గుదిబండ అయింది. విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చదివిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు. తెలిసీ, ఇప్పుడు కడగనంటే ఆరేళ్లు ఎందుకు కడిగావని అడుగుతారన్న జంకు.

నాలుగో కప్పు కడుగుతుండగా మెట్ల మీద ఇస్త్రీ అక్క కనిపించింది. తరగతిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. నలభై ఆరేళ్ల మనిషి. పెద్దాసుపత్రి చాకలి విభాగంలో పందొమ్మిదేళ్లుగా దుప్పట్లు, డాక్టర్ల కోట్లు ఇస్త్రీ చేస్తుంది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు వరసగా ఉంటాయి. ఒకటిన్నరకు పని దిగి రెండింటికి తరగతిలో కూర్చునేది. పని నాలుగున్నర దాకా ఉంటుందని ఇంట్లో చెప్పుకునేది. వాచకాన్ని ఆసుపత్రి దుప్పట్ల మధ్య దాచుకుని చదివి, నాలుగు నెలల్లో ఒక పేరా ఆగకుండా చదవగలిగే స్థితికి వచ్చింది. వచ్చే నెల ప్రాథమిక పరీక్ష. అది గట్టెక్కితే బట్టల గదికి పెద్దగా వేస్తామని ఆసుపత్రివాళ్లు అన్నారు. ఇక నిలబడి చేసే పని ఉండదు.

ఆ రోజు ఆమె చేతిలో ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చిన్న మూట ఉంది.

"కప్పులు కానివ్వండి మేడమ్, నాకేం తొందర లేదు. ఈ పుస్తకాలు ఇచ్చి పోదామని వచ్చాను," అంది.

ఇవ్వడం అన్న మాటలోనే అంతా ఉంది. పుస్తకాలు తిరిగి ఇస్తే బడి మానినట్టు.

దీనికి కారణం ఒక ఉత్తరం. ఆ ఉత్తరానికి కారణాలు మాత్రం అనేకం. వాటిని ఒకదాని వెంట ఒకటి చెప్పుకోవాలి, ఎందుకంటే విడివిడిగా చూస్తే వాటిలో ఏదీ దుర్మార్గం కాదు.

బడిలో చేరిన ప్రతి వయోజనుడికీ సలహాదారు ఒక కార్డు నింపుతుంది. పేరు, పని, ఇంటి చిరునామా, చదువుకు అడ్డొచ్చే ఇబ్బందులు. కార్డు అడుగున "ఇంటికి ఫోన్ చేయరాదు" అని ఒక గడి ఉంటుంది. ఇస్త్రీ అక్క చేరిన రోజున ఆ గడిలో టిక్కు పెట్టించింది. "మా ఆయన మధ్యాహ్నం పడుకుంటాడు, నిద్ర చెడుతుంది" అంది. సలహాదారు నమ్మలేదు. నమ్మనందుకు ఆ గడిని మరింత గౌరవించింది. ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఉత్తరం రాయరాదు అనే గడి ఆ కార్డులో లేదు. ఆ కార్డు తయారు చేసినవాళ్లకు అది తట్టలేదు. ఆరేళ్లుగా ఆ కార్డు నింపుతున్న ఆమెకూ తట్టలేదు. చదవడం రానివాళ్లకు వచ్చిన ఉత్తరాన్ని ఇంకెవరో చదివిపెట్టాల్సి ఉంటుందన్న సంగతి, చదువుకున్న ఇందరిలో ఒక్కరికీ తోచకపోవడం ఆశ్చర్యమే. కానీ చదువు వచ్చినవాళ్లకు చదువు రాకపోవడం ఎలా ఉంటుందో గుర్తుండదు.

రెండో కారణం ఆమె నేర్చుకున్న పద్ధతి. నోరు విప్పని విద్యార్థి ముందు సలహాదారు తన గురించి ఒక చిన్న మాట చెప్పాలి, దానితో ఎదుటి మనిషి బిగువు సడలుతుంది అని శిక్షణలో చెప్పారు. ఆమె గది ఒకప్పుడు సామాన్ల కొట్టు. విరిగిన బల్లల మధ్య రెండు కుర్చీలు. విద్యార్థులు ఆమెను వెనక "కబుర్ల మేడమ్" అంటారు, ముందు కూడా అప్పుడప్పుడు నోరు జారుతారు. మొదటి మూడు సమావేశాల్లో ఇస్త్రీ అక్క "బాగానే ఉంది మేడమ్" అనే మూడు మాటలు తప్ప మాట్లాడలేదు. నాలుగోసారి సలహాదారు పద్ధతి ప్రకారం ఒక చిన్న మాట చెప్పింది. తాను ఒకప్పుడు పరిశోధన మొదలుపెట్టానని, సగంలో ఆపానని.

"ఎందుకాపారు?" అని ఇస్త్రీ అక్క అడిగింది.

అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎందుకు మొదలుపెట్టావని అడిగినవాళ్లే అందరూ. ఆమె భర్త కళాశాలలో లెక్కలు చెబుతాడు. పేరున్న మనిషి. ఆమె రాసుకున్న చిత్తుప్రతి రెండు వందల పుటలు అలమారలో ఉండేది. ఒకనాడు చూస్తే కాగితాల వెనకవైపున ఆయన లెక్కలు చేసి ఉన్నాయి. అడిగితే "ఒకవైపు ఖాళీగానే ఉందిగా" అన్నాడు. కోపంతో అన్నది కాదు, నిజంగానే ఆయనకు ఖాళీగా కనిపించింది. ఆ మాట చెప్పాక సలహాదారు ఆగలేకపోయింది. వచ్చిన అతిథుల ముందు ఆయన ప్రతిసారీ వేసే హాస్యం చెప్పింది. "మా ఆవిడకు జీతమిచ్చి మరీ కబుర్లు చెప్పించుకుంటున్నారండీ, మా ఇంట్లో అయితే ఊరికే వస్తాయి." అత్తగారి మాట చెప్పింది. "ఊరందరి గోడు వింటావు, నా మోకాళ్ల గోడు వినడానికి నీకు చెవులుండవు." ఆ మోకాళ్లకు పొద్దున్నే, సాయంత్రం నూనె రాసేది తానేనని, రాస్తుండగానే ఆ మాట వినిపిస్తుందని చెప్పింది. చివరికి, ఎవరి ముందూ తెరవని పెట్టె ఒకటి తెరిచింది. రెండేళ్ల కిందట భర్త జ్వరంతో ఆసుపత్రిలో వారం రోజులున్నాడు. మరిది దగ్గరుండి చూసుకున్నాడు. ఆ ఏడు రాత్రులూ తనకు చిన్నపిల్లలా నిద్ర పట్టిందని, ఎనిమిదో రోజు ఆయన గుమ్మంలోకి రాగానే గుండెలో రాయి పడ్డట్టయిందని చెప్పింది. చెప్పి, తన మాటకు తానే భయపడింది.

ఇస్త్రీ అక్క మొహం చిట్లించలేదు, జాలి పడలేదు. "మీ ఆయన లెక్కల్లో దిట్టేనా?" అంది.

"చాలా."

"మరి ఇంట్లో ఇంతమంది ఉంటే ఒకళ్లనే లెక్కేస్తాడేం?"

ఆ విరిగిన బల్లల మధ్య ఇద్దరూ నవ్వారు. పక్క తరగతిలో పాఠం ఆగేంతగా నవ్వారు. అప్పటి నుంచి ప్రతి గురువారమూ ఇరవై నిమిషాలు అలాగే గడిచాయి. సలహాదారు చెప్పేది, ఇస్త్రీ అక్క "ఇంకా?" అనేది. రిజిస్టరులో మాత్రం "అభ్యర్థిని తన ఇబ్బందులను పంచుకున్నారు" అని రాసుకునేది. ఇది అబద్ధమని ఆమెకు తెలుసు. కానీ ఆ గడిలో రాయడానికి వేరే వాక్యం లేదు.

మూడో కారణం బడి నియమం. వరసగా మూడు రోజులు రాకపోతే అచ్చు వేసిన ఉత్తరం ఒకటి ఇంటికి పోతుంది. అందులో నాలుగు గీతలు ఖాళీగా ఉంటాయి. సలహాదారు తన చేత్తో నాలుగు మాటలు రాయాలి. వాటిలో ఒకటి తప్పనిసరిగా రహస్యానికి హామీ ఇవ్వాలి. ఉత్తరానికీ రాకపోతే పదిరోజుల్లో ఆ కుర్చీ వరసలో తరువాతివాళ్లకు పోతుంది.

నాలుగో కారణం ఆవిరి బాయిలరు. చాకలి విభాగంలో బాయిలరు పాడై, మూడు రోజులు పని వేళలు మారాయి. ఇస్త్రీ అక్క మూడు రోజులు రాలేకపోయింది. నాలుగో రోజు వచ్చేదే. ఆ ఉత్తరం అవసరమే లేదు.

మూడో రోజు సాయంత్రం ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడు సలహాదారుకు ఇస్త్రీ అక్క అన్న ఒక మాట గుర్తుకొచ్చింది. "నా పేరు మీద ఇంతవరకూ ఒక్క ఉత్తరం రాలేదు మేడమ్. వస్తే ఎలా ఉంటుందో." అయితే మొదటి ఉత్తరం తనదే కావాలి, ఆమె తనంతట తాను చదువుకోవాలి అనుకుంది. ముచ్చటపడింది. చిన్న చిన్న మాటలు ఏరి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. "మీరు మూడు రోజులుగా రాలేదు. మీ కుర్చీ మీ కోసమే ఉంది. మీరు చెప్పినవన్నీ నా దగ్గరే ఉంటాయి, ఎవరికీ చెప్పను. రండి." రాసి, దూరంగా పట్టుకుని చూసుకుంది. చాలా ఏళ్ల తరువాత తాను ఒక మంచి పని చేసినట్టు అనిపించింది.

అలా అనిపించి ఆ మంగళవారానికి ఎనిమిది రోజులయింది.

కప్పులు బోర్లించి, చేతులు తుడుచుకుని, సలహాదారు ఆమెను గదిలోకి తీసుకెళ్లింది. ఇస్త్రీ అక్క మూట విప్పి వాచకం, రెండు రాతపుస్తకాలు బల్ల మీద పెట్టింది. అంచులు సమంగా ఉండేలా అరచేత్తో సర్దింది.

"మీ ఉత్తరం బాగుంది మేడమ్. మా ఆయన బాగా చదివాడు," అంది.

ఆమె భర్త బస్సు కండక్టరుగా చేసి మానుకున్నవాడు. కాలు సరిగా లేదు. ఇంటి అరుగు మీద కూర్చుని వీధివాళ్లకు వచ్చిన కాగితాలన్నీ చదివిపెడతాడు. మందు చీటీలు, నోటీసులు, పిల్లల మార్కుల కాగితాలు. ఆ వీధికంతటికీ ఆయనే కళ్లు. డబ్బు తీసుకోడు, ఆ మర్యాద చాలు. తాళి కట్టిన కొత్తలో ఒకసారి భార్య తానూ నేర్చుకుంటానంటే, నేను చదివిపెట్టడం లేదా అని రెండు రోజులు అన్నం ముట్టలేదట. అందుకే ఆమె దొంగచాటుగా బడికి రావలసి వచ్చింది. ఇదంతా సలహాదారుకు తెలియడం అదే మొదటిసారి.

ఉత్తరం వచ్చేసరికి అరుగు మీద పక్కింటాయన తన మందు చీటీ చదివించుకుంటున్నాడు, అత్తగారు గడపలో కూర్చుని ఉంది. కవరు మీద భార్య పేరు చూసి భర్త ముందు నవ్వాడు. ఎవరి కాగితమైనా పైకి చదవడం ఆయన అలవాటు. అలాగే పైకి చదివాడు. మొదటి మాట చదివాడు, రెండోది చదివాడు. మూడో మాట దగ్గర గొంతు మారింది. చివరి మాట చదవలేదు.

"కొట్టాడా?" అని సలహాదారు అడిగింది.

"అబ్బే. ఆయన చెయ్యెత్తడు మేడమ్. అడుగుతున్నాడు, అంతే. ఏం చెప్పావు, ఏం చెప్పావు అని. ఏం చెప్పలేదన్నాను. ఏం చెప్పకపోతే నా దగ్గరే ఉంటాయని ఆవిడెందుకు రాస్తుందన్నాడు. సబబే కదా."

అత్తగారు ఆ రోజంతా ఒకటే పాట. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందే, ఇరవై ఏడేళ్లు మా ఉప్పు తిని ఎవరి ముందు చించుకున్నావే అని. ఏదో ఒకటి చెబితే ఊరుకుంటారనుకుని ఇస్త్రీ అక్క ఒక అబద్ధం అల్లింది. అత్తగారి మాట కటువుగా ఉంటుందని చెప్పానంది. ఆ ముసలామె ఆ మాటకు మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది. ఇప్పటికీ కోడలి చేతి ముద్ద తినడం లేదు. భర్తకు మాత్రం అదీ చాలలేదు. అది పైమాట, లోపలిది చెప్పు అన్నాడు. మంచి మాట చెప్పినా లోపలిది చెప్పమంటాడు, చెడ్డ మాట చెప్పినా లోపలిది చెప్పమంటాడు. లేని దాన్ని ఎక్కడి నుంచి తెచ్చి పెట్టను అంది ఇస్త్రీ అక్క, ఎవరినీ నిందించని గొంతుతో.

"నేను మీ ఇంటికి వస్తాను," అంది సలహాదారు. "మీరు నాతో ఏమీ చెప్పలేదని ఆయన ముందు నిలబడి చెబుతాను."

"ఏమీ చెప్పకపోతే నాలుగు నెలలు ఆ గదిలో ఏం చేశారంటాడు. అప్పుడేం చెబుతారు? చెప్పింది మీరని చెబుతారా?"

సలహాదారు బల్ల మీది రాతపుస్తకం ఒకటి దగ్గరకు లాక్కుంది.

"ఆ మాట నేను అనలేదు మేడమ్. అంటే నా పీడ ఆ క్షణానే వదిలేది. ఆవిడ గోడు నేను విన్నాను అంటే అయిపోయేది. వెంటనే ఆవిడ గోడేంటని అడుగుతారు కదా. మీ ఆయన ఆసుపత్రిలో ఉన్న వారం సంగతి మా అరుగు మీద చెప్పనా? మా అరుగు మీద పడ్డ మాట సాయంత్రానికి ఊరు చుట్టి వస్తుంది. మీ మాటలు నా దగ్గరే ఉంటాయి. భయపడకండి."

హామీ ఇవ్వవలసిన మనిషికి, ఆ హామీ ఎదుటి మనిషి నుంచి అందింది. అది కూడా నెరవేరుస్తున్న హామీ. సలహాదారు తల వంచుకుంది. తన మీద తనకు కలిగిన అసహ్యంలో ఒక సన్నని పీలిక ఊరట కూడా ఉండడం గమనించింది. తన రహస్యం బయటపడలేదన్న ఊరట. ఆ పీలికను జీవితంలో ఎప్పటికీ క్షమించుకోలేకపోయింది.

"బడి మానమన్నాడా?" అని అడిగింది.

"అనలేదు. అంటే పోట్లాడేదాన్ని. వెళ్లు, వచ్చాక నా ముందు కూర్చుని ఏం నేర్చుకున్నావో చదివి వినిపించు అన్నాడు. ముందు పాత పాఠాలే తెమ్మన్నాడు, రెండు సాయంత్రాలు చదివాను. తప్పు పోయినచోట ఆయన నవ్వలేదు మేడమ్. పక్కింటాయనను పిలిచి, ఏదీ మా ఆవిడ చదువుతుంది విను, మళ్లీ చదువు అన్నాడు. మూడో సాయంత్రం పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించలేదు. కళ్లు బాగానే ఉన్నాయి. బాగా మరిగిన బట్ట మీద రంగు పోయినట్టు, అన్నీ ఒకే తెలుపు."

పరీక్ష ఇంకా ఇరవై మూడు రోజులుంది, పని దగ్గరే కూర్చుని చదువుకోవచ్చు, నేనే వస్తాను అని సలహాదారు ఎన్నో దారులు చెప్పింది. ప్రతి దారికీ ఇస్త్రీ అక్క తల ఊపింది. ఒప్పుకుని ఊపిన ఊపు కాదు. చిన్నపిల్ల ఏదో ముద్దుగా చెబుతుంటే పెద్దవాళ్లు ఊపే ఊపు. తరువాత లేచి, గొడుగు లేదుగదా మీకు, వాన తగ్గాక వెళ్లండి అని తానే ఆమెకు జాగ్రత్త చెప్పి, ప్లాస్టిక్ కాగితాన్ని తల మీద కప్పుకుని మెట్లు దిగింది.

బడి మానినవారికి ఒక పత్రం ఉంది. కారణం అనే గడి పక్కన ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు. వలస, అనారోగ్యం, పని వేళలు, ఆసక్తి లేకపోవడం, కుటుంబ కారణాలు, మరణం, ఇతరాలు. సలహాదారు అంకె వేయలేదు. జరిగింది జరిగినట్టు, గడి చాలక అంచుల్లోకి, అంచులు చాలక వెనకవైపుకి రాసింది. చివరన ఇలా ముగించింది. "ఈ విద్యార్థిని బడి మానడానికి కారణం మన ఉత్తరం. రాసినది నేను."

ప్రధానోపాధ్యాయుడు కళ్లజోడు పైకి తోసి అంతా చదివాడు. చెడ్డవాడు కాడు, కసురుకోడు.

"ఏమ్మా, నవల రాశావే. ఈ పత్రాలు పైన యంత్రంలో పెడతారు. అంకె తప్ప అది ఇంకేం చదవదు," అన్నాడు. "అయినా ఉత్తరం తప్పేముంది? ఉత్తరం చేరింది, మనిషి కదిలింది, స్వయంగా వచ్చి పుస్తకాలు అప్పజెప్పింది. ఉత్తరానికి స్పందించినట్టే లెక్క. మన లెక్క ప్రకారం ఉత్తరం పని చేసింది."

అయితే అయిదు వేస్తానంది. అయిదు వేస్తే ఇంటికి వెళ్లి విచారించి నివేదిక జతచేయాలి, వెళతావా అన్నాడు. ఇస్త్రీ అక్క అడిగిన ప్రశ్న గుర్తొచ్చి వెళ్లలేనంది. ఏడు వేస్తే వివరణ కావాలి, వివరణకు పైవాళ్ల దగ్గర విచారణ ఉంటుంది, ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో రిజిస్టరు తెమ్మంటారు అన్నాడు. కొత్త పత్రం ఒకటి ఆమె ముందు పెట్టి, "నాలుగు వేసెయ్. ఎవరికీ నొప్పి ఉండదు. వేసి, అలా ఒక టీ పంపించమ్మా," అన్నాడు.

ఆమె కలం తీసుకుంది. ఏడు వేయవచ్చు. వేస్తే నిజం ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉంటుంది. కానీ ఆ నిజంలో తన వారం రోజుల నిద్ర కూడా ఉంటుంది. ఇస్త్రీ అక్క ఇంటిల్లిపాదికీ ఎదురు నిలిచి, చదువును వదులుకుని దాచిన మాటను, తాను ఒక అంకెకు భయపడి దాచుకుంటోంది. ఇద్దరూ దాచింది ఒకే మాట. చెల్లించినది మాత్రం ఒక్కరే. ఇదంతా ఆమెకు అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపించింది. కనిపించాక, నాలుగు వేసింది.

ఆసక్తి లేకపోవడం. దుప్పట్ల మధ్య వాచకం దాచుకుని చదివిన మనిషికి, ఆసక్తి లేకపోవడం.

సాయంత్రం ఇంటికి వెళ్లి అత్తగారి మోకాళ్లకు నూనె రాసింది. భర్త స్నేహితుడితో మాట్లాడుతూ, ఆమె మంచినీళ్లు తెచ్చినప్పుడు "ఈ రోజు ఎవరి కన్నీళ్లు తుడిచావు?" అని అడిగాడు. స్నేహితుడు నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. "ఎవరివీ తుడవలేదు," అంది ఆమె. వాళ్లిద్దరూ నవ్వారు, హాస్యానికి హాస్యం చెప్పిందనుకుని. గ్లాసులు తీసుకుని వంటగదిలోకి వెళ్లాక ఆమెకు ఒక సంగతి తట్టింది. అక్కడ ఆ అరుగు మీద ఒక మగవాడు వారం రోజులుగా నిద్రాహారాలు మాని భార్యను "ఏం చెప్పావు" అని అడుగుతున్నాడు. అది హింసే, సందేహం లేదు. కానీ తన భార్య లోపల ఏదో ఉందని, అది తనకు తెలియదని అతనికి ఒక్క ఉత్తరంతో అర్థమైంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఈ ఇంట్లో ఎవరికీ ఆ అనుమానం రాలేదు. ఇక్కడ ఆమె దాచుకోవలసిన అవసరమే లేదు. వెతికేవాళ్లు లేని ఇంట్లో దేన్నైనా దాచినా, నడింట్లో పెట్టినా ఒకటే.

మరునాడు ఇస్త్రీ అక్క కుర్చీలో కొత్త మనిషి కూర్చున్నాడు. సలహాదారు అతని కార్డు నింపింది. చదువుకు అడ్డొచ్చే ఇబ్బందులు అనే గడి దగ్గరకు వచ్చాక, అడగకుండానే "ఏమీ లేవు" అని రాసుకుంది. ఆ తరువాత చేరినవాళ్లందరి కార్డుల మీదా అలాగే రాసింది. ఆమె గదిలో ఇక ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడవలేదు. పై అధికారులు వచ్చినప్పుడు, ఇబ్బందులున్న విద్యార్థుల సంఖ్య ఈ బడిలో బాగా తగ్గిందని మెచ్చుకున్నారు.

పన్నెండేళ్ల తరువాత ఇస్త్రీ అక్క ఉద్యోగం నుంచి దిగింది. దిగేదాకా నిలబడే పని చేసింది. ఆ రోజు ఆసుపత్రి కార్యాలయంలో ఆమె వెనకే వరసలో నిలబడి చూసిన, ఈ బడిలోనే చదువుకుంటున్న సాటి పనిమనిషి ఒకామె ఈ సంగతి బడిలో చెప్పింది. గుమాస్తా కాగితాలు ముందుకు జరిపి, సంతకం వచ్చా అని కలం అందించాడట. పక్కన భర్త చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడట. ఆమె కలం వైపు చూడకుండా, రాదండీ అని, సిరా డబ్బాలో బొటనవేలు ముంచిందట.